మసకపడిన నక్షత్రపటములు

ఆకాశమును చూచుట యొక విద్య. చూచినదానిని నిలుపుకొనుట మఱియొక విద్య. మొదటిదానియందు మనవారు వెనుకబడినవారు కారు. ఇరువదియేడు నక్షత్రములకును పేరులు పెట్టి, గ్రహణకాలములను గణించి, సిద్ధాంతగ్రంథములను తరతరములకు ఒసగి పోయిరి. అయినను కన్ను చూచినది కంటితోడనే పోవును. ఒకానొక రాత్రి ఒక తార యెచ్చట నుండెనో, ఎంత వెలుగుచుండెనో, నూఱేండ్ల పిదప పుట్టినవానికి చూపుటకు కంటికి శక్తి లేదు. ఆ శక్తి ఛాయాచిత్రమునకు కలదు. అందువలననే ఖగోళశాస్త్రమున దూరదర్శినికి తరువాత లెక్కింపదగిన సాధనము ఛాయాచిత్రఫలకమే యని మా యభిప్రాయము.

ఈ సాక్షిని చెఱచు శత్రువు ఒకటి కలదు. నెగటివుపై లోకము తలక్రిందగును: వెలుగు తగిలినచోట వెండి నల్లబడును, తగులనిచోటు తేటగా నుండును. కావున చక్కని నక్షత్రపటమున ఆకాశము గాజువలె తేటగను, తారలు నల్లని చుక్కలుగను కనబడవలయును. వెలుగు తగులరాని చోట్ల కూడ బూడిదవన్నె తెర యొకటి క్రమ్మినచో దానిని మసక యందుము. పగటి చిత్రములలో కొలది మసక యున్నను ముఖము ముఖముగనే కనబడును. నక్షత్రపటమునకు అట్టి యుపేక్ష చెల్లదు. మిణుకుమిణుకుమను తార ఫలకముపై వదలు గుఱుతు మిక్కిలి సన్ననిది. మసక కొంచెము చిక్కబడగనే అది యందు మునిగిపోవును. పెద్ద తారలు మిగులును, చిన్నవి పోవును. దేనికొఱకు రాత్రియంతయు మేలుకొంటిమో అదియే పోవును.

ఇట్టి నష్టము కలిగినపుడు మనలో సాధారణముగా వినబడు మాటలు రెండు. ఒకటి, "గ్రహచారము బాగుగలేదు" అనునది. గ్రహములనే చిత్రింపబోయినవాడు గ్రహచారమును నిందించుట నవ్వు పుట్టించు విషయమే. రెండవది, "మా పెద్దలు ఇట్లే చేసిరి, మేమును ఇట్లే చేసితిమి" అనునది. మొదటి మాట కంటె రెండవది ప్రమాదకరమని మేము తలంతుము. ఏలయన, మసకకు కారణము ఒక్కటి కాదు. కాలము మాఱినకొలది అదియు మాఱుచు వచ్చినది. దాని చరిత్రను తెలిసికొన్నచో ఆచారమునకును శాస్త్రమునకును గల భేదము కంటికి కట్టినట్లు తెలియును.

సూర్యుడు కాక వేఱొక నక్షత్రము మొదటిసారి ఛాయాచిత్రమునకు చిక్కినది 1850లో. అమెరికాలోని హార్వర్డు వేధశాలలో బాండు, విపులు అనువారు పట్టిన యా తార మన అభిజిత్తు. మఱుసటి యేడు ఇంగ్లండులో స్కాట్ ఆర్చరు తడిఫలకపద్ధతిని ప్రకటించెను. గాజుపలకపై కొలోడియనును పోసి, వెండిలవణపు నీటిలో ముంచి, ఆఱకమునుపే చిత్రమును పట్టి, ఆఱకమునుపే కడుగవలయును. ఆలస్యమైనచో ఫలకము పనికిరాదు.

ఈ కష్టమైన పద్ధతితోనే మన తెలుగునేలపై ఆకాశచిత్రణము జరిగెను. 1868 ఆగష్టు 18వ తేదీన సంపూర్ణసూర్యగ్రహణము గుంటూరు మీదుగా పోయినపుడు మేజరు టెన్నంటు అను ఆంగ్లేయుడు తన బృందముతో అచ్చట గుడారములు వేసి, గ్రహణసూర్యుని తడిఫలకములపై చిత్రించెను. ఫ్రాన్సు దేశీయుడైన జాన్సెను కూడ అదే గ్రహణమును గుంటూరునందే వర్ణపటదర్శినితో పరీక్షించెను. టెన్నంటు పటములలో సూర్యుని యంచున కొమ్మువలె లేచిన పెద్ద జ్వాల యొకటి కనబడినది. గ్రహణము నిండుగా నిలిచినది ఆఱు నిమిషములకు లోపు. ఆ కొద్దికాలములోనే పలకను సిద్ధపఱచుట, పట్టుట, మార్చుట, కడుగుట! ఆ దినములలో మసకకు ముఖ్యకారణము వెండిలవణపు తొట్టె. ఆ నీటిలో మలినము చేరినను, క్షారగుణము హెచ్చినను పలకయంతయు మసకపడును. అందుచేత ఆ నీటికి నత్రికామ్లపు చుక్కలు చేర్చి కొంచెము ఆమ్లముగా నుంచుట ఆనాటి నియమము. అది మూఢాచారము కాదు. ఆ పద్ధతికి తగిన కారణము గల యాచారము.

1871లో మాడక్సు అను వైద్యుడు జెలటీను పొరతో పొడిఫలకమునకు దారి చూపెను. పొడిఫలకము వచ్చిన పిదప గంటలకొలది తెఱచి యుంచుటకు వీలుపడెను. కన్నెన్నడును చూడని తారలు పటమున కనబడసాగెను. 1880లో హెన్రీ డ్రేపరు మృగవ్యాధుని సమీపముననున్న గొల్లకావడి క్రిందుగా కనబడు మేఘనక్షత్రమును మొదటిసారి చిత్రించెను. 1887లో ప్యారిసునందు అనేక దేశముల ఖగోళజ్ఞులు కూడి, ఆకాశమునంతటిని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీని అప్పగించి, సమస్తనక్షత్రముల పట్టికను సిద్ధము చేయవలెనని తీర్మానించిరి.

ఆ మహాకార్యమున మన హైదరాబాదునకును పాలు దొరికినది. నవాబు జఫర్ జంగు ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి 1901లో సొంత వేధశాలను నెలకొల్పెను. 1907లో ఆయన గతించిన తరువాత 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి నిజామియా వేధశాలగా నడపెను. తొలి యధ్యక్షుడు చాట్‌వుడ్డు. నక్షత్రచిత్రణమునకై కుక్కు కంపెనీ చేసిన 8 అంగుళముల యంత్రము బేగంపేటలో నిలిచినది. చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు మొదట నిర్ణయింపబడి కొనసాగక నిలిచిన దక్షిణపు పట్టీ, అనగా ఖగోళమధ్యరేఖకు దక్షిణముగా 17 మొదలు 23 అంశల వఱకు గలది, హైదరాబాదునకు వచ్చెను. 1914లో పోకాకు అధ్యక్షతను ఈ పని మొదలయ్యెను. 1918లో ఆయన మరణించిన పిదప టి. పి. భాస్కరన్ దానిని కొనసాగించెను. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను. దక్షిణపట్టీ పటములు 1914 మొదలు 1929 వఱకు తీయబడినవి. అందలి తారలు సుమారు 2,93,000. అది ముగియుచుండగనే జర్మనీలోని పోట్స్‌డాము పూర్తిచేయని యుత్తరపు పట్టీలో 36 మొదలు 39 అంశల భాగమును గైకొని 1928 నుండి 1938 వఱకు చిత్రించిరి. అందలి తారలు సుమారు 1,49,000. మన అనూరాధలోని తారలు కొన్ని ఆ దక్షిణపట్టీలోనివి. 1850లో మొదట చిత్రమునకు చిక్కిన అభిజిత్తు ఈ యుత్తరపట్టీలోనిది. హైదరాబాదు రాజ్యమున జరిగిన యీ దీర్ఘతపస్సును మన పాఠ్యపుస్తకములు ఒక్క వాక్యముతోనైనను స్మరింపకుండుట విచారకరము.

ఈ పటముల నిర్మాణమున మనము నేర్వదగిన సూక్ష్మములు రెండు కలవు. మొదటిది: నక్షత్రములతోపాటు సన్నని గీతల వల యొకటి ఫలకముపై ముందుగనే వెలుగుతో ముద్రింపబడును. కడిగి ఆఱబెట్టునపుడు జెలటీను పొర సాగినను ముడిగినను ఆ వల కూడ దానితో సాగి ముడుగును. కావున కొలత తప్పదు. రెండవది: ఈ కార్యమున పాల్గొన్న వేధశాలలలో పెక్కింట ఒకే ఫలకముపై యంత్రమును రవంత జరుపుచు రెండు మూడు మాఱులు చిత్రించిరి. నిజమైన తార యైనచో దాని ప్రక్క రెండవ బింబము, మూడవ బింబము ఉండితీరును. దుమ్ముకణమైనచో ఒంటరిగా నుండును. చూడుడు, ఎంత చక్కని న్యాయము! సత్యమునకును దోషమునకును భేదమును ఊహతో కాక, ముందుగనే యేర్పఱచుకొన్న పరీక్షతో తేల్చిరి. మసక విషయమునను ఇదియే మార్గము.

ఇక దీపము సంగతి. పూర్వపు ఫలకములు నీలికాంతికే లొంగునవి. ఎఱ్ఱకాంతి వానికి చీకటితో సమానము. కావున చీకటిగదిలో ఎఱ్ఱదీపము వెలిగించుకొని, ఫలకము నల్లబడుటను కన్నులార చూచుచు కడిగిరి. అయితే 1873లో జర్మనీలోని ఫోగెలు, కొన్ని రంగులను చేర్చినచో ఫలకము ఇతరకాంతులకును లొంగునని కనుగొనెను. ఆ మార్గమున క్రమముగా ఎఱుపుతో సహా అన్ని వన్నెలను గ్రహించు ఫిలుములు పుట్టినవి. నేడు నలుపు తెలుపుల ఫిలుములలో పెక్కులు ఇట్టివే. వీనికి ఎఱ్ఱదీపము చీకటి కాదు, పట్టపగలు. కాని ఫలకము మాఱినను దీపము మాఱలేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా కేసముద్రములో పాఠశాల విద్యార్థులు కొందఱు రెండు చెక్కపలకలను మడతబందుతో బిగించి, గంటకొక లెక్కచొప్పున మరను చేతితో త్రిప్పుచు, ఆకాశభ్రమణమునకు సరిపోవునట్లు పాత కెమెరాను కదల్చి, మాఘమాసపు రాత్రులలో గొల్లకావడిని, పిల్లలకోడిని చిత్రించిరి. ఫిలుమును కడుగుటకు ఒక పట్టణములోని ఛాయాచిత్రకారునికి ఇచ్చిరి. తిరిగి వచ్చినది మొదలు తుద వఱకు బూడిదముద్ద. పిల్లలు ఊరి దీపములను నిందించిరి. రైలుస్టేషను దీపములను నిందించిరి. ఫిలుము అంచులను చూడుడని మేము వారికి చెప్పితిమి. కెమెరాలో వెలుగు సోకునది చట్రములోపలి భాగమునకే. రంధ్రములు గల యంచులకు ఆకాశపు వెలుగు పోదు. అంచులు కూడ చట్రములవలెనే మసకపడియున్నవి. కాబట్టి ఆకాశము నిర్దోషి. ఆ చిత్రకారుని అడుగగా, "మా నాయిన నలభై యేండ్లు ఈ ఎర్రబుగ్గ కిందనే కడిగిండు సారూ" అని నిష్కపటముగా చెప్పెను. ఆయన తండ్రి కడిగినది చాలవఱకు ముద్రణకాగితము. అది నేటికిని ఎఱుపునకు లొంగదు. తండ్రి చేసినది సరియే. కుమారుడు చేసినదియు తన దృష్టిలో సరియే. ఇరువురి నడుమ పోయినది కారణమొక్కటే. ఆయన యనుమతితోనే ఫిలుము ముక్కపై రూపాయిబిళ్ళ నుంచి, ఆ దీపము క్రింద అయిదు నిమిషములుంచి, కటికచీకటిలో కడిగి చూపగా, బిళ్ళ యున్నచోటు తేటగా గుండ్రముగా మిగిలి, చుట్టును నల్లబడినది. వాదము అవసరము లేకపోయెను. ఆ దినముననే ఆయన ఫిలుమునకు దీపము మానెను.

పాత కెమెరాల వీపున కనబడు ఎఱ్ఱగాజు కిటికీ కూడ ఇట్టిదే. చుట్టుఫిలుముపై అంకెలను చూచుటకు దానిని పెట్టినది ఎఱుపునకు లొంగని ఫిలుములున్న కాలమున. నేడు అట్టి కెమెరాను వాడువారు ఆ కిటికీని నల్లపట్టీతో మూసి, అంకె చూచునపుడు మాత్రము నీడలో తెఱవవలయును.

ఇంటిలో కడుగుకొను యువకుల కొఱకు పరీక్షాక్రమమును చెప్పెదము. ఒకే ఫిలుమునుండి మూడు ముక్కలను కటికచీకటిలో కత్తిరింపుడు. మొదటిదానిని డెవలపరు తాకింపక హైపోలో మాత్రము ముంచుడు. అది ఫిలుము యొక్క సహజవర్ణమును చూపును. కొన్ని ఫిలుములకు స్వభావసిద్ధముగనే బూడిదవన్నె యుండును. దానిని మసక యని భ్రమింపరాదు. రెండవదానిని కెమెరాలో పెట్టకయే యథావిధిగా కడుగుడు. మూడవదానిని కెమెరాలో పెట్టి, కటకపు మూత తీయకయే, ఆకాశచిత్రమునకు పట్టునంత కాలముంచి కడుగుడు. రెండవది మొదటిదానికంటె మిక్కిలి నల్లనైనచో దోషము ఫిలుముదో, మందుదో, చీకటిగదిదో. రెండవది తేటగనుండి మూడవది చారలు పడినచో కెమెరాలో వెలుగు చొరబడు సందు కలదు. రెండును తేటగనుండి ఆకాశపు చట్రములే మసకపడినచో దోషము ఆకాశముది. వైద్యుడు నాడి చూడక మందీయనట్లు, ఈ మూడు ముక్కలను చూడక మనము ఏ నివారణమునకును దిగరాదు.

రెండవ ముక్క నల్లబడినచో మఱల విభాగింపవలయును. అదే మందులో క్రొత్త ఫిలుము తేటగా వచ్చెనేని మొదటి ఫిలుము కాలము చెల్లినది, లేదా వేడిలో నిలువయుండినది. వేసవిలో రేకుల కప్పు క్రింద బీరువాలో నుంచిన ఫిలుము, వెలుగును చూడకయే ముసలిదగును. క్రొత్త ఫిలుము కూడ నల్లబడెనేని, రూపాయిబిళ్ళ పరీక్షచే గది చీకటిని శోధించిన పిదప, మందును అనుమానింపవలయును. హైపో చుక్కలు డెవలపరులో పడినచో పుట్టు మసక విచిత్రమైనది: ప్రక్కనుండి చూడ పసుపుపచ్చగను, వెలుగున కెదురుగా చూడ గులాబివన్నెగను తోచును. అట్టిది కనబడినచో పాత్రలను వేఱుచేసికొనుటయే నివారణము. పాలవలె తెల్లగా క్రమ్మిన తెర మఱియొకటి. అది నిజమునకు మసకయే కాదు, హైపో చాలకపోవుట. క్రొత్త హైపోలో మఱల ముంచినచో తేటపడును. దీనిని తెలియక ఎన్నియో ఫిలుములను పాఱవైచుచున్నారు.

మన ప్రాంతమున అన్నిటికంటె పెద్ద శత్రువు వేడి. డెవలపరుల కొలతలన్నియు ప్రాయికముగా 20 డిగ్రీల నీటికి వ్రాయబడినవి. మన యెండకాలమున గాలి 40 డిగ్రీలను దాటును. మిద్దెమీది తొట్టెనీరు చేయి పెట్టరానంత కాగును. వేడిమందు మితిమీఱి పనిచేసి, వెలుగు తగులని కణములను కూడ నల్లబఱచును. జెలటీను ఉబ్బి మెత్తబడును. శీతలదేశములవారి పుస్తకములోని నిమిషములను మాత్రము గ్రహించి, నీటివేడిని విడుచువాడు మంత్రమును వల్లించి యర్థమును విడిచినవాని వంటివాడు. ఉష్ణదేశముల కొఱకు డెవలపరున సోడియం సల్ఫేటును చేర్చి పొర యుబ్బకుండ చేయు విధానము కలదు. పొటాసియం బ్రోమైడు గాని బెంజోట్రయజోలు గాని స్వల్పముగా చేర్చినచో మసక యణగును. అయితే వీనిని హెచ్చుగా వేసినచో చిన్నతారలును అణగును. ఇంతకంటె సులభమైనది మన కుండ. కుండనీటిలో మందుసీసాలను నిలిపి, చుట్టును తడిగోనె చుట్టి, తెల్లవాఱుజామున కడుగుడు. అవసరమైనచో మంచుగడ్డలను సీసాల వెలుపలి నీటిలో వేయుడు, మందులో కాదు. ఉష్ణమాపకము లేనివాడు చీకటిగదికి పోకుండుట మేలు. కడుగునీరు, హైపో, డెవలపరు ఒకే వేడిమిలో నుండవలయును.

ఇక ఆకాశపు మసక. ఒకే ఫిలుముపై 5, 10, 20 నిమిషములు వరుసగా చిత్రించి చూడుడు. మందుచే కలిగిన మసక మూడు చట్రములందును సమానముగా నుండును. ఆకాశముచే కలిగినది కాలముతోపాటు పెరుగును. వెన్నెల, ఊరి దీపములు, ధూళి దీనికి హేతువులు. బేగంపేటలో నక్షత్రములను పట్టిన కాలమున హైదరాబాదు వేఱు. నగరపు వెలుగు పెరిగినకొలది వేధశాలకు వేఱుచోటు వెదకవలసివచ్చి, 1968 ప్రాంతమున రంగాపురము చెంత 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పిరి. మహావేధశాలయే దీపములకు ఓడి స్థలము విడిచినపుడు, మనము అమావాస్యరాత్రి ఊరికి రెండు మూడు మైళ్ళు నడచి చేనుగట్టున నిలుచుట యేపాటి కష్టము?

నేడు ఎలెక్ట్రానిక్ కెమెరాలుండగా ఈ శ్రమ యెందులకని కొందఱు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. నక్షత్రచిత్రణమునకు మిక్కిలి పేరుగన్న కొడాకు వారి టెక్నికల్ పాన్ ఫిలుము కూడ 2004లో నిలిచిపోయినది. వేగముగా పని కావలసినవారు క్రొత్త యంత్రములనే వాడుదురు గాక. అయినను హైదరాబాదు పటములకు తరువాత పట్టిన భాగ్యమును వినుడు. 1989 మొదలు 1993 వఱకు యూరోపు దేశములవారి హిప్పార్కసు ఉపగ్రహము తారల స్థానములను కొలిచెను. తార యెటు కదలుచున్నదో తెలియవలెనన్నచో నేటి స్థానమొక్కటి చాలదు, పాతస్థానము కావలయును. అప్పుడు ఆ పాతపట్టికలను తెఱచిరి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల తారల చలనములను నిర్ణయించుటకు, బేగంపేటవారి కొలతలతోకూడిన ఆ నక్షత్రపట్టిక ముఖ్యాధారమయ్యెను. 1914లో దీక్షతో కడుగబడిన ఫలకము, ఆనాటివారు కలగననైనను లేని యుపగ్రహమునకు సాక్షిగా నిలిచినది. ఆనాటి చీకటిగదిలో ఎవడో వేడినీటిని ఉపేక్షించి యుండినచో ఆ రాత్రి ఆకాశము మఱల దొరకునా?

కావున సోదరయువకులకు మేము విన్నవించునది యిది. చిత్రము తీసిన తేదీ, కాలము, ఫిలుము, మందు, నీటివేడి, వీనిని ప్రతిమాఱును ఒక పుస్తకమున వ్రాయుడు. మసకపడిన నెగటివును సిగ్గుపడి పాఱవేయకుడు. కారణమును దానిప్రక్క వ్రాసి దాచుడు. మందుల పాళ్ళను ఇంటి రహస్యముగా కప్పిపుచ్చక అడిగినవారికెల్ల చెప్పుడు. పెద్దలు చెప్పినదానిని గౌరవించి వినుడు. వినిన వెంటనే కారణమేమని అడుగుడు. కారణమును చెప్పగలిగిన పెద్ద గురువు. చెప్పలేని యాచారము ఆఱిపోవలసిన ఎఱ్ఱదీపము.